మెదక్ చర్చిలో బలిపీఠం దగ్గర: వెళ్లేవారి కోసం ఒక సమీక్ష

మెదక్ కేథడ్రల్‌ను చూసి వచ్చినవారు ముందుగా గోపురం ఎత్తు గురించి, తరువాత ఆవరణ విశాలం గురించి చెబుతారు. రెండూ చెప్పదగినవే. అయితే అంత దూరం వెళ్లినవారు తప్పక సమయం కేటాయించవలసిన చోటు ఏదని అడిగితే మాత్రం, నేను గోపురం కింది ద్వారం దాటించి, హాలు పొడవునా నడిపించి, ఉత్తరపు కొసన మెట్ల మీద ఉన్న బలిపీఠ భాగాన్ని, అంటే గురువు ఆరాధన నడిపించే చోటును చూపిస్తాను. ఈ సమీక్ష ఆ ఒక్క భాగం గురించే. నా అభిప్రాయం ముందే చెబుతున్నాను. పగటి వెలుగులో, జనం పలుచగా ఉన్న రోజున, ఒక గంటసేపు తీరికగా కూర్చోగలిగితే, తెలుగు నేల మీద నేను చూసిన క్రైస్తవ ఆరాధన స్థలాల్లో దీనికి సాటి వచ్చేవి చాలా కొద్ది. పొద్దుగూకాక వెళితే మాత్రం అసలు చూడవలసినదాన్ని చూడకుండానే తిరిగి వస్తారు.

చరిత్ర కొంత తెలిస్తే తప్ప ఆ చోటు పూర్తిగా అర్థం కాదు. ఈ చర్చిని కట్టించినవారు ఇంగ్లండులో పుట్టిన ప్రొటెస్టెంటు శాఖ అయిన వెస్లియన్ మెథడిస్టు సంఘపు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్. ఆయన 1895లో సికింద్రాబాదుకు వచ్చి, కొద్దికాలానికే మెదక్ ప్రాంతానికి మకాం మార్చారు. 1914లో మొదలైన నిర్మాణం పదేళ్లు సాగి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. నమూనా ఇంగ్లండులోని బోల్టన్ పట్టణానికి చెందిన బ్రాడ్‌షా గాస్ అండ్ హోప్ అనే వాస్తుశిల్ప సంస్థది. రాళ్లు మోసినవి, చెక్కినవి, పేర్చినవి మాత్రం ఇక్కడి చేతులే. కరవుతో అల్లాడుతున్న పల్లె జనానికి పని చూపించి, దానికి బదులు తిండి పెట్టాలన్నది ఈ నిర్మాణం వెనక ఉన్న ముఖ్యమైన ఉద్దేశాల్లో ఒకటి. అందువల్ల బలిపీఠం ముందు నిలబడినప్పుడు చుట్టూ కనిపించే బూడిదరంగు రాతి స్తంభాలను కేవలం గోథిక్ అనే పాత యూరపు చర్చిల శైలికి మచ్చుతునకలుగా చూడబుద్ధి కాదు. ఆకలి కాలంలో ఈ జిల్లా మనుషులు చేసిన పని అది. అంత నునుపుగా, అంత ఓపికగా చెక్కిన రాయిని చూస్తే ఆ పనివారి మీద గౌరవం కలుగుతుంది.

హాలు పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. బయట గోపురం దాదాపు 175 అడుగుల ఎత్తు ఉంటుంది. బలిపీఠం సంగతి మాట్లాడేటప్పుడు వీటిలో అతి ముఖ్యమైన అంకె 200. ఐదు వేల మంది దాకా పట్టే హాలులో చివరి వరుసన నిలబడిన మనిషికి కూడా ఆ కొసన జరుగుతున్నది తన కోసమే జరుగుతోందని అనిపించాలి. అందుకోసం కట్టినవారు మూడు ఉపాయాలు చేశారని నాకు అర్థమైంది. ఆ కొసను మిగతా నేల కంటే ఎత్తులో ఉంచారు. ఇరువైపులా ఉన్న స్తంభాల వరుసలు మన చూపును పక్కకు పోనీయకుండా అటే తీసుకెళ్లేలా కట్టారు. వెనక గోడను దాదాపు పూర్తిగా వెలుగుకు వదిలేశారు. ద్వారం దగ్గర నిలబడి చూస్తే బలిపీఠం చిన్నదిగా, దాని వెనక కిటికీ చాలా పెద్దదిగా కనిపిస్తుంది. దగ్గరకు నడిచేకొద్దీ బలిపీఠం పెరుగుతూ వస్తుంది. ఈ నడకను తొందరపడి ముగించవద్దు.

మన చర్చిల ఆచారం ప్రకారం చెప్పులు విడిచి అడుగుపెట్టినవారికి ఈ నడకలో మరో సుఖం ఉంది. నేలంతా పరిచిన మొజాయిక్ పలకలను బ్రిటన్ నుంచి ఆరు రంగుల్లో తెప్పించారు. వాటిని పరచడానికి బొంబాయి నుంచి ఇటాలియన్ పనివారిని పిలిపించారు. ఎండ దంచే రోజుల్లో కూడా పాదానికి చల్లగా తగులుతాయి. చాలామంది తల పైకెత్తి కిటికీనే చూస్తారు గనుక నేల వారికి కనిపించదు. కాసేపు తల దించి చూస్తే, వందేళ్లు దాటినా పలకకూ పలకకూ మధ్య సందు ఎంత సన్నగా ఉందో, రంగులు ఒకదాని పక్కన ఒకటి ఎంత కుదురుగా ఒదిగాయో తెలుస్తుంది.

ఇక కిటికీ. ఈ సమీక్షలో ఎక్కువ భాగం దానికే ఇస్తున్నాను, ఎందుకంటే బలిపీఠ భాగానికి ప్రాణం అదే. బలిపీఠం వెనక ఉన్న రంగుటద్దాల కిటికీలో యేసు ఆరోహణ దృశ్యం, అంటే ఆయన పరలోకానికి ఎక్కిపోయే దృశ్యం ఉంది. దాన్ని 1927లో, అంటే ప్రతిష్ఠ జరిగిన మూడేళ్లకు అమర్చారు. హాలుకు రెండు పక్కలా బయటికి పొడుచుకు వచ్చిన రెక్కల్లో ఇలాంటివే మరో రెండు పెద్ద కిటికీలు ఉన్నాయి. క్రీస్తు జననాన్ని చూపించేది 1947 నాటిది, సిలువ మరణాన్ని చూపించేది 1958 నాటిది. వీటిని రూపొందించినవారు ఇంగ్లండుకు చెందిన ఫ్రాంక్ సాలిస్‌బరీ. రాజులకూ, అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ వంటి నాయకులకూ చిత్తరువులు గీసి పేరు తెచ్చుకున్న ఆయన, కుర్రతనంలో తన అన్నగారి రంగుటద్దాల కార్ఖానాలోనే పని నేర్చుకున్నారు. ఆయన కూడా మెథడిస్టే. మొదటి కిటికీ నాటికి యాభై దాటిన వయసు, చివరి కిటికీ నాటికి ఎనభై దాటిన వయసు.

కథ ప్రకారం జననం ముందు, సిలువ తరువాత, ఆరోహణం చివర. కిటికీలు వచ్చిన వరుస మాత్రం చివరి ఘట్టంతో మొదలైంది. డబ్బు సమకూరినప్పుడల్లా ఒక్కో కిటికీ వచ్చి ఉండవచ్చు. అయినా బలిపీఠం వెనక ఏది ఉండాలో ముందుగా తేల్చుకున్నారని దీన్నిబట్టి అనిపిస్తుంది. కథోలిక దేవాలయాల్లో బలిపీఠం మీదుగా చూస్తే సాధారణంగా సిలువ మీద వేలాడే క్రీస్తు ఎదురవుతాడు. ఇక్కడ ఎదురయ్యేది పైకి వెళుతున్న క్రీస్తు, కింద నిలబడి తలలెత్తి చూస్తున్న శిష్యులు. అపొస్తలుల కార్యముల గ్రంథంలో ఆ ఘట్టం దగ్గరే దేవదూతలు వచ్చి, ఆకాశంవైపు చూస్తూ ఎందుకు నిలబడ్డారని శిష్యులను అడుగుతారు. బలిపీఠం ముందు మనం చేసే పని కూడా ఆ శిష్యులు చేసిన పనే, తలెత్తి చూడడం. హాలులో కూర్చున్న జనం చిత్రంలోని జనానికి కొనసాగింపుగా ఉంటారు. ఈ కూర్పు నన్ను కదిలించింది. ప్రసంగం వినకపోయినా, ఒక్క అక్షరం చదవకపోయినా ఆ సంగతి మనసుకు చేరుతుంది.

అది నిజమని అక్కడే చూశాను. మెట్లకు కొంచెం ఇవతల ఒక ముసలామె, ఆమెతో మనవడు. పిల్లవాడి గడ్డం పట్టి పైకెత్తి, "పైకి జూడు బిడ్డా, యేసయ్య పైకి పోతుండు" అన్నది. "కిందున్నోళ్లెవరు నానమ్మా?" అని వాడు అడిగాడు. "ఆయన ఎంట ఉన్నోళ్లు. పోతుంటే జూస్తుండ్రు." ఆ తరువాత వాడు చాలాసేపు ఏమీ అడగలేదు. పల్లెల నుంచి వచ్చే, చదువు రాని జనానికి సువార్తను కంటితో అందించాలని ఈ కిటికీ పెట్టి ఉంటే, అది ఇవాళ్టికీ ఆ పని చేస్తూనే ఉంది.

ఈ కిటికీలను బొమ్మ గీసిన ఒకే పెద్ద గాజుపలకలని అనుకునేవారు చాలామంది ఉన్నారు. అలా కాదు. ముందు పూర్తి పరిమాణంలో నమూనా గీసి, దాని ప్రకారం రంగురంగుల గాజును ముక్కలుగా కోస్తారు. ఎరుపు, నీలం వంటి రంగులు చాలావరకు గాజు కరిగించేటప్పుడే లోహ లవణాలు కలపడం వల్ల వచ్చేవి. పైన పూసినవి కావు గనుక వందల ఏళ్లు గడిచినా వెలిసిపోవు. ముఖాలు, వేళ్లు, బట్టల మడతలు మాత్రం ముదురు గోధుమ రంగు పొడితో గాజు మీద గీసి, బట్టీలో కాల్చి గాజులోకి ఇంకిస్తారు. చివరకు ఆ ముక్కలన్నిటినీ సీసపు పట్టీలతో కలిపి అతుకుతారు. బొమ్మలో కనిపించే నల్లని గీతలు చాలావరకు ఆ పట్టీలే. నేర్పున్న చిత్రకారుడు ఆ పట్టీ సరిగ్గా మడత మీదుగానో, భుజం అంచు మీదుగానో పోయేలా చూసుకుంటాడు. దానివల్ల అతుకు అతుకులా కనిపించక బొమ్మలో భాగమైపోతుంది. సాలిస్‌బరీ మొదట గాజు పని నేర్చుకుని తరువాత చిత్తరువుల్లోకి వెళ్లిన మనిషి. ఆ రెండు చదువులూ ఈ కిటికీలో కనిపిస్తాయి. మనుషులు పాత యూరపు కిటికీల్లోలాగ చదునుగా, బిగుసుకుపోయినట్టు ఉండరు. ముఖాల్లో కండ, వెలుగునీడలు ఉంటాయి. మధ్యయుగపు గాజు పని మీద ఇష్టం ఉన్నవారికి ఇది మరీ చిత్తరువులా ఉందని అనిపించవచ్చు. రెండు వందల అడుగుల దూరం నుంచి గుర్తుపట్టవలసిన బొమ్మకు ఈ పద్ధతే సరైనదని నేను అనుకుంటాను.

ఈ దూరం సంగతి వెళ్లేవారు గుర్తుపెట్టుకోవాలి. అందరూ నేరుగా ముందుకు నడిచి, బలిపీఠం మెట్ల దాకా వెళ్లి, మెడలు విరిచి పైకి చూస్తారు. అక్కడి నుంచి కనిపించేవి ఎక్కువగా సీసపు గీతలు, ముక్కలు. హాలులో సగం దూరం వెనక్కి వచ్చి, మధ్య దారికి ఎదురుగా కూర్చుంటే గీతలు కరిగిపోయి బొమ్మ కుదురుకుంటుంది. ముందు వెనక నుంచి చూసి, తరువాత దగ్గరకు వెళ్లి పనితనం చూసి, మళ్లీ వెనక్కి వచ్చి కూర్చోవడం మేలు.

వెలుగు గురించి మరికొంత చెప్పాలి. లోకంలో చాలా పాత చర్చిల్లో బలిపీఠం తూర్పు గోడకు ఉంటుంది. ఉదయపు ఆరాధన వేళ సూర్యుడు సూటిగా దాని వెనక నుంచి వస్తాడు. మెదక్‌లో బలిపీఠం ఉత్తరాన ఉంది. అందువల్ల ఏడాదిలో ఎక్కువ సమయం ఆరోహణ కిటికీకి సూటి ఎండ తగలదు, ఆకాశపు వెలుగు మాత్రమే అందుతుంది. ఇది లోపమని మొదట అనిపిస్తుంది, ఎందుకంటే నేల మీద రంగుల మచ్చలు పడతాయని ఆశపడి వచ్చినవారికి ఈ కిటికీ నుంచి అవి దాదాపు దొరకవు. కాని దీనివల్ల ఒక పెద్ద లాభం ఉంది. సూటి ఎండలో గాజు మిరుమిట్లు గొలిపి, ముఖాల్లోని సన్నని గీతలను మింగేస్తుంది. ఉత్తరపు వెలుగు ఉదయం నుంచి సాయంత్రం దాకా ఒకే తీరుగా ఉంటుంది గనుక చిత్రంలో ఏ భాగమూ మరుగుపడదు. మెదక్ 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారం నుంచి జూలై చివరి దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. ఆ నెలల్లో పొద్దు పొడవడం, కుంకడం కూడా ఉత్తరానికి జరుగుతాయి. అందుచేత ఆ రోజుల్లో, వాన మబ్బులు లేకపోతే, ఉదయం సాయంత్రం ఏటవాలు ఎండ ఈ గోడను తాకే వీలుంటుంది. పక్క రెక్కల్లోని కిటికీల సంగతి వేరు. ఒకటి ఉదయం, మరొకటి మధ్యాహ్నం దాటాక వెలుగుతుంది. మూడింటినీ బాగా చూడాలంటే ఉదయం పదింటికల్లా చేరి, మధ్యలో ఊరు చూసి, మూడింటి తరువాత మరోసారి లోపలికి రావడం మంచిది.

చీకటి పడ్డాక లోపల ఎన్ని దీపాలు వెలిగించినా కిటికీ నల్లగానే ఉంటుంది, ఎందుకంటే గాజు వెనక నుంచి వెలుగు రావాలి. అందుకే సాయంత్రం ఆలస్యంగా చేరి, ఏమీ కనిపించలేదని నిరాశపడేవారుంటారు. క్రిస్మస్ తెల్లవారుజామున జరిగే మొదటి ఆరాధనకు వెళ్లేవారికి కూడా ఆరంభంలో కిటికీ కనిపించదు. తెల్లవారేదాకా ఆగినవారికి మాత్రం చీకటి గోడలోంచి బొమ్మ మెల్లగా తేలివచ్చే దృశ్యం దక్కుతుంది.

ఇప్పుడు కిటికీ కింద ఉన్న వాటి సంగతి. బలిపీఠ భాగం వస్తువులను పెట్టే చోటు మాత్రమే కాదు, పనులు జరిగే చోటు. ప్రసంగ వేదిక, వాక్యం చదివే పీఠం, యేసు చివరి విందును తలచుకుంటూ రొట్టె, ద్రాక్షారసం పంచే ప్రభురాత్రి భోజనపు బల్ల అక్కడ వాటి వాటి స్థానాల్లో ఉండి, ఆరాధన ఒకదాని నుంచి మరొకదానికి నడుస్తుంది. పాటతో మొదలై, వాక్యం దగ్గర ఆగి, ప్రసంగం గుండా సాగి, రొట్టె, ద్రాక్షారసం దగ్గరకు చేరుతుంది. ఖాళీ చర్చిని చూసి వచ్చేవారికి ఈ నడక తెలియదు. అందుకే వీలున్నవారు ఒక ఆదివారం ఆరాధనకు కూర్చోమని నా మాట. అప్పుడు సందర్శకులుగా కాక, ఆరాధకులుగా ప్రవర్తించాలి. ఆ రొట్టె, ద్రాక్షారసం తీసుకునే సమయంలో జనం వరుసగా ముందుకు వచ్చి మోకరించి, తీసుకుని, లేచి, మరో వరుసకు చోటిస్తారు. అంత పెద్ద హాలులో ఆ రాకపోకలు సాగుతున్నంతసేపు కిటికీలోని శిష్యుల గుంపూ, కింద ఉన్న మనుషుల గుంపూ ఒకే చూపులో కనిపిస్తాయి. ఈ భాగాన్ని నిర్మించినవారు కోరుకున్నది ఇదేనని నాకు గట్టిగా అనిపించింది.

మరో విషయం చాలామంది గమనించరు. బిషప్ పీఠం ఉన్న చర్చినే కేథడ్రల్ అంటారు. 1924లో ఈ చర్చిని ప్రతిష్ఠించినప్పుడు ఇక్కడి మెథడిస్టు సంఘానికి బిషప్ లేరు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్ (ఇంగ్లండు సంఘపు శాఖ), మెథడిస్టు తదితర సంఘాలు ఏకమై దక్షిణ ఇండియా సంఘంగా (సీఎస్ఐ) ఏర్పడ్డాకే, ఒక బిషప్ పాలనలో ఉండే మెదక్ అధ్యక్ష మండలం వచ్చింది, ఈ చర్చి దానికి పీఠమయ్యింది. అంటే కట్టిన ఇరవై మూడేళ్లకు బలిపీఠ భాగానికి కొత్త బాధ్యత వచ్చింది. 1950లో ఆ ఐక్య సంఘం తెచ్చిన ప్రభురాత్రి భోజన క్రమంలో అధ్యక్షత వహించే గురువు బల్లకు వెనకవైపు, ప్రజలకు ఎదురుగా నిలబడే పద్ధతికి చోటిచ్చారు. కథోలిక సంఘంలో 1962 నుంచి 1965 వరకు జరిగిన రెండవ వాటికన్ మహాసభ తరువాత గాని ఆ మార్పు విస్తృతంగా రాలేదు. సమాధానాన్ని, అంటే శాంతి కలగాలనే దీవెనను చేతి నుంచి చేతికి, బల్ల దగ్గర మొదలుపెట్టి చివరి వరుస దాకా అందించే ఆచారం కూడా ఆ క్రమంలోదే. దానికి మూలం కేరళ సిరియన్ క్రైస్తవుల ఆరాధన. ఇంగ్లీషువారి నమూనాతో కట్టిన మందిరంలో, ఇంగ్లీషు గాజు కింద, తెలుగు సంఘం కేరళ ప్రాచీన సంప్రదాయంలోని సమాధానాన్ని ఇచ్చిపుచ్చుకుంటుంది. ఈ కలయిక తెలిసి చూస్తే ఆ చోటు మరింత విలువైనదిగా కనిపిస్తుంది.

బల్ల మీది వస్త్రాన్ని కూడా చూడండి. సంఘ సంవత్సరాన్ని పాటించే చర్చిల్లో కాలాన్నిబట్టి దాని రంగు మారుతుంది. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలంలోనూ, ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమకాలంలోనూ ఊదా, పండుగలకు తెలుపు, శిష్యుల మీదికి పరిశుద్ధాత్మ దిగివచ్చిన పెంతెకొస్తు రోజుకు ఎరుపు, మిగతా వారాల్లో ఆకుపచ్చ వేస్తారు. వెనక ఉన్న కిటికీ మారదు, ముందున్న గుడ్డ మారుతుంది. అందుచేత ఒకే చోటు జూలైలో ఒక తీరుగా, మార్చిలో మరో తీరుగా ఉంటుంది.

ధ్వని గురించి రెండు మాటలు. ఎత్తైన రాతి కట్టడాల్లో మాట మారుమోగి ముద్దముద్దగా వినిపించడం మామూలే. ఇక్కడ పైకప్పు లోపలివైపు శబ్దాన్ని పీల్చుకునే స్పాంజి వంటి పదార్థం వాడారు. పీఠం దగ్గర చదివిన వాక్యం వెనక వరుసలకు విడివిడి మాటలుగా చేరడానికి అది తోడ్పడుతుంది. మైకులు లేని రోజుల్లో, కొన్ని వేల మంది ముందు తెలుగులో ప్రసంగించవలసిన మనిషి ఆలోచించి చేయించిన ఏర్పాటు ఇది.

పోల్చి చూడదలచినవారికి డోర్నకల్ ఎపిఫనీ కేథడ్రల్ మంచి జోడి. భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య దాన్ని కట్టించి, 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. అక్కడి స్తంభాలు మన దేవాలయ మండపాలను, పైన గుమ్మటాలు మసీదులను గుర్తుచేస్తాయి. ఈ నేల వాస్తులోనే క్రీస్తును ఆరాధించవచ్చని చూపించాలన్నది ఆ బిషప్ సంకల్పం. భావం ప్రకారం చూస్తే నా మొగ్గు డోర్నకల్ వైపు. మనిషిని బలిపీఠం వైపు తిప్పి, అక్కడే నిలిపి ఉంచే శక్తి ప్రకారం చూస్తే మెదక్‌దే పైచేయి.

మరొక పోలిక మన చుట్టుపక్కల ఊళ్ల చర్చిలతో. ఈ మధ్య ఒక పట్టణంలో పాత చర్చిని బాగుచేయిస్తూ బలిపీఠం వెనక గోడకు మెరిసే టైల్స్ అంటించి, చుట్టూ రంగులు మారే ఎల్ఈడీ పట్టీలు బిగించి, పక్కనే ఫ్లెక్సీ కట్టి, ముందు నాలుగు స్పీకర్లు నిలబెట్టారు. చేసినవారి భక్తిని నేను శంకించను, ఖర్చు కూడా బాగానే పెట్టారు. కాని ప్రార్థనకు కళ్లెత్తితే చూపు ఆగే చోటు లేదు. కొత్తగా బలిపీఠ భాగాన్ని కట్టించే సంఘ పెద్దలు ముందు మెదక్ వెళ్లి ఒక పూట కూర్చుంటే బాగుంటుంది. అక్కడి గాజునూ రాతినీ ఎవరూ అనుకరించలేరు, ఆ అవసరమూ లేదు. చూపు పోవలసిన చోటు ఒక్కటే ఉండాలని, పగటి వెలుగు ఎటునుంచి వస్తుందో చూసుకుని గోడ తెరవాలని, మెట్టు ఎత్తు వెనక వరుసను బట్టి నిర్ణయించాలని నేర్చుకోవచ్చు. వీటిలో దేనికీ పెద్ద ఖర్చు కాదు.

లోటుపాట్లు కూడా చెప్పాలి. డిసెంబరు చివరి వారంలో బలిపీఠ భాగాన్ని చూడడానికి వెళ్లవద్దు. అప్పుడు పండుగ చూడడానికి వెళ్లాలి. జనసముద్రం, తోరణాలు, నక్షత్రాలు, దీపాల వరుసలు, ఆవరణ నిండా దుకాణాలు ఉంటాయి. ఆ సంబరం వేరు, అందులో తీరికగా కిటికీ చూడడం కుదరదు. సెలవు రోజుల్లో కూడా ముందు వరుసల్లో నిలబడి ఫోన్లు ఎత్తేవారి వల్ల వెనక కూర్చున్నవారికి బల్ల కనిపించదు. ఆ కిటికీ ఫోటోలో ఎలాగూ సరిగ్గా పడదు, ఎందుకంటే గాజుకు తగ్గట్టు తీస్తే హాలు చీకటవుతుంది, హాలుకు తగ్గట్టు తీస్తే గాజు తెల్లబోతుంది. తీసే అనుమతి ఉన్న చోటే, అదీ ఒకటి రెండు తీసి ఫోన్ జేబులో పెట్టుకోవడం అందరికీ మంచిది. చిత్రకారుడెవరో, ఏ కిటికీ ఏ ఏడాదిదో ఇంట్లోనే చదువుకుని వెళ్లండి. తెలిసి చూసిన గంటకూ, తెలియక చూసిన గంటకూ చాలా తేడా ఉంటుంది.

మెదక్ హైదరాబాదుకు ఉత్తరంగా వంద కిలోమీటర్ల లోపే. సికింద్రాబాదు జూబ్లీ బస్ స్టేషన్ నుంచి బస్సులు ఉంటాయి. సొంత వాహనం ఉన్నవారికి నర్సాపూర్ అడవి మీదుగా వెళ్లే దారి కంటికి ఇంపుగా ఉంటుంది. 2022లో అక్కన్నపేట నుంచి మెదక్ దాకా కొత్త రైలు మార్గం కూడా తెరిచారు. వారం మధ్యలో, వానాకాలం వెళ్లిన తరువాత, ఆకాశం కడిగినట్టు ఉండే అక్టోబరు, నవంబరు ఉదయాలు అన్నిటికన్నా అనువైనవి. పెద్దవారిని తీసుకెళితే వారిని మెట్ల దాకా నడిపించవలసిన పని లేదు. మధ్యలో కూర్చోబెట్టండి. పిల్లలుంటే ముందు ఆరోహణ కథ చెప్పి తీసుకెళ్లండి. లోపల ప్రార్థనలో ఉన్నవారు ఎప్పుడూ ఒకరిద్దరైనా ఉంటారు గనుక వారికి ఎదురుగా నిలబడకుండా పక్క వరుసల గుండా ముందుకు వెళ్లాలి. పీఠం మెట్లు ఎక్కాలనిపిస్తే అక్కడి సిబ్బందిని అడిగి, వారు సరేనన్నాకే ఎక్కాలి.